ఫోను తాళం ఎవరి చేతిలో ఉండాల? రూట్, జైల్‌బ్రేక్ కథ, అందులో మన అక్షరం కథ



పోయిన నెల కూటంలో ఒక సంగతి సగంలో నిలిచిపోయింది. మన కోశాధికారి గారు చందా లెక్క చూపించేదానికి ఫోను తీసి బ్యాంకు యాప్ తెరిచినారు. అది తెరుచుకోలేదు. ఈ ఫోను భద్రత మారిపోయి ఉంది, ఇందులో పనిచేయము అన్నట్టు ఒక మాట చూపించి మూసుకుంది. ఆయన ఆ ఫోను రెండు నెలల ముందు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. మన పిలకాయల తెలుగు క్లాసుకని కూడబెట్టిన దుడ్డంతా ఆ ఖాతాలోనే ఉంది. కూటానికి వచ్చిన కాలేజీ అబ్బాయి ఒకడు ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, "తాతా, ఇది ఎవరో రూట్ చేసిన ఫోను" అన్నాడు. రూట్ అంటే ఏందని నలుగురు అడిగినారు. ఒకరు వైరస్ అన్నారు. ఒకరు దొంగ ఫోను అన్నారు. ఇంతలో కాఫీ వచ్చింది, మాట అక్కడే ఆగిపోయింది.

ఆ పొద్దు మేము నోరు తెరవలేదు. దానికి కారణం ఉంది. ఒకప్పుడు మేమూ రూట్ చేసిన ఫోనే వాడినాం. అదీ తెలుగు కోసమే. అందుకని ఈ కథ మొదటి నుంచి రాయాలనిపించింది. మేము చదివిందంతా అరవ మీడియం. తెలుగు అమ్మ దగ్గర విన్నది, పెద్దయినాక బాలశిక్ష పెట్టుకొని కూడబలుక్కున్నది. రాతలో తప్పులుంటే దిద్దండి.

ముందు తాళం ఏమిటో చూద్దాం.

మేము రైల్వేలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో స్టేషను వసూలు దుడ్డు తోలు సంచిలో వేసి, సీలు కొట్టి, బండి వచ్చినప్పుడు గార్డు పెట్టెలో ఉండే ఇనప పెట్టెలో పడేసేవాళ్ళం. ఆ పెట్టెలో వేసేదానికి దారి ఉంటుంది, తీసేదానికి దారి ఉండదు. గార్డు ఆ పెట్టెతోనే పొద్దంతా ప్రయాణం చేస్తాడు, కానీ తాళం చెవి ఆయన దగ్గర ఉండదు. అది క్యాష్ ఆఫీసులో ఉంటుంది. ఒక స్టేషను వాడు ఇంకో స్టేషను సంచిని ముట్టలేడు. ఎవరినీ దొంగ అని అనుమానించి చేసిన ఏర్పాటు కాదు అది. ఎవరి పని వాళ్ళకే ఉండాలని చేసింది.

ఫోనులో ఏర్పాటు కూడా ఇట్లాంటిదే. ఒక్కో యాప్ తన సంచిలోనే పనిచేయాల, పక్క యాప్ సంచి ముట్టకూడదు. వాట్సాప్ పోయి బ్యాంకు యాప్ సంగతులు చదవలేదు. ఇది మొదటి కట్టు. రెండో కట్టు సీలు. సరైన ముద్ర ఉన్న ప్రోగ్రామునే ఫోను నడిపిస్తుంది. మూడోది, ఫోను ఆన్ చేసిన క్షణం నుంచి ఒకరినొకరు తనిఖీ చేసుకునే వరస. చిప్పులో పుట్టుకతోనే చెక్కిన చిన్న ప్రోగ్రాము ముందు లేస్తుంది. అది తరువాతి దాని సీలు చూస్తుంది, అది దాని తరువాతి దాని సీలు చూస్తుంది. అట్లా చివరికి మనం చూసే తెర వస్తుంది. వీటన్నిటికీ పైన సర్వాధికారం ఉన్న వాడుకరి ఒకడు ఉంటాడు. వాడి పేరే రూట్. పాత యూనిక్స్ కంప్యూటర్ల కాలం నుంచి వచ్చిన పేరు అది. ఫోను కొన్నది మనమే అయినా, రూట్ అధికారం మనకు ఇవ్వరు. ఆ అధికారాన్ని చేజిక్కించుకోవడాన్ని ఆండ్రాయిడ్‌లో రూట్ చేయడం అంటారు, ఐఫోన్‌లో జైల్‌బ్రేక్ అంటారు.

జైలు అనే మాట కూడా యూనిక్స్ వాళ్ళదే. ఒక ప్రోగ్రాముకు డిస్కులో ఒక్క గదినే చూపించి, లోకమంతా ఇంతే అని నమ్మించే పద్ధతి 1979 నుంచి ఉంది. దాన్ని తరువాత జైలు అన్నారు. మొదటి ఐఫోన్‌ను కంప్యూటరుకు తగిలిస్తే పాటలు, ఫోటోలు ఉండే ఒక్క గదే కనిపించేది. ఆ గది గోడ దాటడమే జైల్‌బ్రేక్.

ఐఫోన్ అమెరికాలో 2007 జూన్ 29న అమ్మకానికి వచ్చింది. అప్పుడు దానిలో బయటి వాళ్ళ యాప్‌లు వేసుకునే దారి లేదు. యాప్ స్టోర్ వచ్చింది 2008 జూలైలో. పైగా ఏటీ అండ్ టీ అనే ఒక్క కంపెనీ సిమ్‌తోనే, రెండేళ్ళ ఒప్పందంతో వాడాల. ఆ ఆగస్టులోనే జార్జ్ హాట్జ్ అనే 17 ఏళ్ళ పిల్లవాడు ఫోను విప్పి, లోపల టంకం పెట్టి, వేరే కంపెనీ సిమ్‌తో పనిచేసేటట్టు చేసి చూపించినాడు. ఆ ఫోను ఇచ్చి బదులుగా ఒక నిస్సాన్ కారు, మూడు కొత్త ఐఫోన్లు తీసుకున్నాడు.

అది సిమ్ తాళం. అసలు జైలు గోడ పగిలింది ఇంకో దారిలో. 2007 అక్టోబరులో జైల్‌బ్రేక్‌మీ అనే పేజీ ఒకటి వచ్చింది. ఫోను బ్రౌజరులో ఆ పేజీ తెరిస్తే చాలు. అందులో టిఫ్ రకం బొమ్మ ఒకటి ఉండేది. బొమ్మలు చదివే ప్రోగ్రాములో ఒక లోపం ఉంది. ఇంత చోటు చాలు అనుకొని అది లెక్క వేసుకుంటుంది. బొమ్మ దానికంటే జాస్తి తెచ్చి పోస్తుంది. కుండలో పట్టని నీళ్ళు పక్క గదిలోకి పారినట్టు, ఆ జాస్తి భాగం ఫోను చేయాల్సిన ఆజ్ఞలు ఉండే చోటికి పారుతుంది. ఫోను దాన్నే ఆజ్ఞ అనుకొని పాటిస్తుంది. ఇక్కడ ఒక విశేషం ఉంది. ఆ పేజీ పని ముగించినాక, తాను దూరిన కంతను తానే పూడ్చి పోయేది. యాపిల్ కంపెనీ కంటే ముందుగా.

ఆ తరువాత 2008లో జే ఫ్రీమన్ అనే ఆయన సిడియా అనే అంగడి తెరిచినాడు. జైల్‌బ్రేక్ చేసిన ఫోన్లకు ప్రోగ్రాములు అక్కడ దొరికేవి. ఒక చోట రాసింది కాపీ చేసి ఇంకో చోట అతికించే వసతి ఐఫోన్‌లో 2009 దాకా లేదు. తెర వెనక మనకు నచ్చిన బొమ్మ పెట్టుకోవడం 2010లో వచ్చింది. ఇట్లాంటివి గోడ దూకినవాళ్ళు ముందే వాడుకుంటూ ఉండినారు. గోడ కట్టినవాడు తరువాత చూసి నేర్చుకున్నాడు.

ఇది నేరమా అనే తగువు కూడా నడిచింది. అమెరికాలో 1998లో వచ్చిన ఒక కాపీరైట్ చట్టం ప్రకారం డిజిటల్ తాళం పగలగొట్టడమే తప్పు. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వాళ్ళు మినహాయింపు అడిగినారు. యాపిల్ వద్దని వాదించింది. 2010 జూలై 26న అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, సొంత ఫోనులో న్యాయంగా సంపాదించిన ప్రోగ్రాములు నడిపించేదానికి జైల్‌బ్రేక్ చేయడం తప్పు కాదని తేల్చింది. మన కాలేజీ అబ్బాయి "దొంగ ఫోను కాదు తాతా" అన్నది అందుకే సరి. తాళం తీసినవాడల్లా దొంగ కాడు.

ఆ తీర్పు వచ్చిన వారం లోపలే జైల్‌బ్రేక్‌మీ రెండో రూపం వచ్చింది. ఈసారి కంత బొమ్మలో లేదు, అక్షరంలో ఉంది. పీడీఎఫ్ కాగితం లోపల పొదిగిన ఒక ఫాంటు, అక్షరాలను గీసే ప్రోగ్రామును తికమకపెట్టి లోపలికి దూరింది. అది చేసింది నికొలస్ అలెగ్రా అనే కుర్రవాడు. యాపిల్ ఆగస్టు 11న కంత పూడ్చింది. మరుసటి ఏడు ఇంకో ఫాంటు కంతతో అతనే మూడో రూపం తెచ్చినాడు. ఆ తరువాత యాపిల్ వాళ్ళే పిలిచి అతన్ని తమ దగ్గర ఇంటర్న్‌గా పెట్టుకున్నారు.

ఒక్క అక్షరం రూపం గీయడం అంత పెద్ద పనా అని మాకు అప్పుడు తోచింది. మన అక్షరాల సంగతి వచ్చినాక అర్థమైంది.

ఇప్పుడు ఆండ్రాయిడ్. మొదటి ఆండ్రాయిడ్ ఫోను జీ1 2008లో వచ్చింది. జారే మూతకింద నిజమైన కీబోర్డు ఉండేది. ఆ నవంబరులో ఒక విచిత్రం బయటపడింది. మనం ఆ కీబోర్డుపై ఏది కొట్టినా, అది తెరమీద రాతగా పడటమే కాక, లోపల రూట్ అధికారంతో ఆజ్ఞగా కూడా నడిచేది. ఎవరో స్నేహితుడికి "రీబూట్" అనే మాట రాసి ఎంటర్ కొడితే ఫోను నిజంగానే ఆగి మళ్ళీ లేచింది. తయారు చేసేటప్పుడు పరీక్షకు పెట్టుకున్న దారిని మూయడం మరిచిపోయినారు. గూగుల్ వెంటనే సరిదిద్దింది. కానీ అప్పటికే చాలామంది ఆ దారిలో రూట్ అయిపోయినారు.

మా సంగతి 2011. చేతికి చవక ఆండ్రాయిడ్ ఫోను వచ్చింది. ఆంధ్రాలో ఉండే చుట్టాలు తెలుగులో రాసి పంపితే మాకు కనిపించేవి ఖాళీ డబ్బాలు. వరసగా డబ్బాలు, నడుమ ఒక చుక్క, మళ్ళీ డబ్బాలు. అమ్మ దగ్గర విన్న భాషను ఇన్నేళ్ళు కష్టపడి కూడబలుక్కుంటే, ఫోను దాన్ని మాకు చదవనివ్వలేదు. కొన్నాళ్ళు ఆపెరా మినీ అనే బ్రౌజరు ఆదుకుంది. అందులో ఒక సెట్టింగు మారిస్తే, వాళ్ళ సర్వరు తెలుగు అక్షరాలను చిన్న బొమ్మలుగా చేసి పంపేది. పేజీలు చదువుకున్నాం. కానీ ఎస్సెమ్మెస్సులో డబ్బాలు డబ్బాలుగానే ఉండేవి.

మా మేనల్లుడు వచ్చి, "మామా, రూట్ చేస్తే ఫాంటు పెట్టొచ్చు" అన్నాడు. ఫాంట్లు ఉండే గది సిస్టం గది. మనం చూడొచ్చు కానీ అందులో ఏదీ పెట్టకూడదు. రూట్ అధికారం ఉంటే పెట్టొచ్చు. వాడు ఒక రాత్రంతా కూర్చొని పెట్టినాడు. తెల్లవారి అక్షరాలు వచ్చినాయి. వత్తులు మాత్రం కిందికి పోకుండా పక్కనే నిలబడినాయి. "అమ్మ" రాస్తే మ్ వేరు, మ వేరు. ఎందుకంటే ఫాంటు ఉంటే చాలదు. ఏ వత్తు ఏ అక్షరం కిందికి పోవాలో చెప్పే ప్రోగ్రాము ఇంకొకటి కావాల. అది ఆ ఫోనులో లేదు. అయినా ఆ పొద్దు మా ఇంటామె ఫోను చేతిలో పెట్టుకొని, వత్తులు లేని తెలుగును గట్టిగా చదివింది. ఆ సంతోషాన్ని మేము తప్పు అని ఇప్పటికీ చెప్పలేం.

2012లో ఆండ్రాయిడ్ 4.1 వచ్చింది. అందులో తెలుగు, కన్నడం, మలయాళం కంపెనీయే ఇచ్చింది. రూట్ అవసరం తీరిపోయింది. ఐఫోన్‌లో బయటివాళ్ళు చేసిన కీబోర్డులు వేసుకునే వసతి 2014లో ఐఓఎస్ 8తో వచ్చింది. పెద్ద భాషలకు మొదటి రోజే తెరిచి ఉన్న తలుపు, మన భాషకు ఇన్నేళ్ళ తరువాత తెరిచినారు. ఆ మధ్యకాలంలో తాళం పగలగొట్టినవాళ్ళలో మన మేనల్లుళ్ళ వంటి వాళ్ళు ఎంతోమంది.

అయితే తాళం తీసిన తలుపు గుండా మనం ఒక్కరమే పోము. అది కూడా చెప్పాల.

2009 నవంబరులో ఆస్ట్రేలియాలో ఒక పురుగు ప్రోగ్రాము పుట్టింది. జైల్‌బ్రేక్ చేసినవాళ్ళు చాలామంది, దూరం నుంచి ఫోను లోపలికి వచ్చే ఒక ప్రోగ్రామును వేసుకునేవాళ్ళు. దాని పాస్‌వర్డ్ అన్ని ఐఫోన్లలో ఒకటే. మార్చుకోమని చెప్పినా జాస్తి మంది మార్చుకోలేదు. ఆ పురుగు ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు పాకి, తెర వెనక ఒక పాటగాడి బొమ్మ పెట్టి పోయేది. అది వేళాకోళం. అదే నెలలో హాలండులో ఒకడు ఇదే దారిలో దూరి 5 యూరోలు కట్టమని అడిగినాడు. వెనకనే ఇంకో పురుగు వచ్చి, ఒక బ్యాంకు ఖాతాదారులను దొంగ పేజీకి మళ్ళించింది. ఒక్క నెలలో వేళాకోళం నుంచి బ్యాంకు దొంగతనం దాకా పోయింది. 2015లో కీరైడర్ అనే ప్రోగ్రాము జైల్‌బ్రేక్ చేసిన ఫోన్ల నుంచి 2,25,000కు పైగా యాపిల్ ఖాతాల వివరాలు ఎత్తుకుపోయిందని కనుక్కున్నారు.

ఇంకా పెద్దది 2016 ఆగస్టులో తెలిసింది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ దేశంలో అహ్మద్ మన్సూర్ అనే హక్కుల మనిషికి ఒక ఎస్సెమ్మెస్ వచ్చింది. ఖైదీలను హింసించిన రహస్యాలు ఈ లింకులో ఉన్నాయని రాసి ఉంది. ఆయన లింకు నొక్కకుండా కెనడాలోని సిటిజన్ ల్యాబ్ వాళ్ళకు పంపినాడు. వాళ్ళు చూస్తే, ఆ లింకు నొక్కితే ఫోను దానంతటది జైల్‌బ్రేక్ అయి, పెగాసస్ అనే గూఢచారి ప్రోగ్రాము కూర్చుంటుంది. మూడు కంతలు ఒకదానికొకటి ముడివేసిన పని. బ్రౌజరులో ఒకటి, లోపలి సంగతులు చూసేదానికి ఒకటి, సర్వాధికారం పట్టేదానికి ఒకటి. యాపిల్ ఆగస్టు 25న మూడూ పూడ్చింది. 2007లో పిల్లలు సరదాకు చేసిన పనీ ఇదీ లోపల ఒకటే పని. తేడా ఏమంటే అక్కడ ఫోను సొంతదారు తెలిసి చేసుకున్నాడు, ఇక్కడ తెలియకుండా ఇంకొకడు చేస్తాడు. ముందు ఏడే, 2015లో, ఒక కంపెనీ ఇట్లాంటి కంతల వరసకు 10 లక్షల డాలర్లు ఇస్తామని బహిరంగంగా చాటింది. అప్పటి నుంచి కంత కనుక్కున్నవాడు ఊరికే పంచిపెట్టే కాలం తగ్గిపోయింది.

అట్లయితే తాళం వేసి ఉంటే భయం లేదా? 2018 ఫిబ్రవరి గుర్తు చేసుకోండి. ఐఫోన్‌కు మన తెలుగు "జ్ఞా" అక్షరం వస్తే యాప్ కుప్పకూలేది. లోకమంతా నవ్వింది. అసలు జరిగింది ఇది. జ, దాని కింద ఞ వత్తు, దాని తరువాత కంటికి కనపడని ఒక గుర్తు, ఆపైన దీర్ఘం. ఈ నాలుగూ ఆ వరసలో వస్తే అక్షరాలు గీసే ప్రోగ్రాము లెక్క తప్పేది. వాట్సాప్, మెసేజి, మెయిలు ఏది తెరిచినా పడిపోయేది. బంగ్లా వంటి కొన్ని లిపులలోనూ ఇట్లాంటి వరసలు ఉన్నాయని తరువాత తేలింది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిదిద్దినారు. తాళం చెక్కుచెదరలేదు, ఎవరూ జైల్‌బ్రేక్ చేయలేదు, అయినా మన ఒక్క అక్షరానికి ఫోను పడిపోయింది. ఆ రోజుల్లో మన గ్రూపులో ఒకరు "మన భాషకు ఎంత బలమో చూడండి" అని రాసినారు. మాకు నవ్వు వచ్చింది, నొప్పీ వచ్చింది. అది బలం కాదు. మన లిపిని వాళ్ళు సరిగా పరీక్షించలేదని దాని అర్థం.

2019 సెప్టెంబరులో ఇంకొకటి జరిగింది. చిప్పులో పుట్టుకతో చెక్కిన మొదటి ప్రోగ్రాములోనే కంత దొరికింది. దాని పేరు చెక్‌మేట్. ఐఫోన్ 4ఎస్ నుంచి ఐఫోన్ 10 దాకా అన్నిటికీ వర్తిస్తుంది. చిప్పులో చెక్కింది మార్చేదానికి లేదు కాబట్టి ఆ ఫోన్లు ఉన్నన్నాళ్ళూ ఆ కంత ఉంటుంది. కాకపోతే ఫోను చేతిలో ఉండి, వైరు తగిలిస్తేనే పని. ఎక్కడో కూర్చొని చేయలేరు.

ఇప్పుడు గోడలు ఇంకా గట్టిపడినాయి. కంపెనీలూ కొంత దిగివచ్చినాయి. యూరప్‌లో కొత్త చట్టం వల్ల 2024 మార్చి నుంచి ఐఫోన్‌లో వేరే అంగళ్ళు తెరుచుకున్నాయి. ఆండ్రాయిడ్‌లో కొన్ని కంపెనీలు తాళం తీసేదానికి తామే దారి ఇస్తాయి. కానీ తీసేటప్పుడు ఫోనులో ఉన్నదంతా చెరిపేస్తాయి. దొంగ చేతికి చిక్కిన ఫోనులో మన సంగతులు ఉండకూడదని ఆ ఏర్పాటు. బ్యాంకు యాప్ మొండికేసేది కూడా ఇక్కడే. సీళ్ళ వరస తెగి ఉంటే, పక్క యాప్ తన సంచిలో చెయ్యి పెట్టదని దానికి నమ్మకం ఉండదు. మన కోశాధికారి గారి ఫోను ఆ పొద్దు తెరుచుకోకపోవడం ఫోను చెడిపోయి కాదు. మన దుడ్డును కాపాడేదానికే.

కాబట్టి మేము అనుకునేది ఇది. రూట్ చేయడం పాపం కాదు. మన తెలుగు మన చేతికి అందని కాలంలో ఆ పనే మనకు దారి చూపించింది. మన పిలకాయలు పాత ఫోను ఒకటి పెట్టుకొని నేర్చుకుంటామంటే వద్దనకండి. నేర్చుకోనీయండి, రేపు మన "జ్ఞా"ను పరీక్షించేవాళ్ళు వాళ్ళలోనే పుట్టాల. కానీ పదిమంది దుడ్డు ఉన్న ఫోను నేర్చుకునే ఫోను కాకూడదు. సొంత పెట్టె తాళం ఎట్లా పెట్టుకున్నా సొంతదారు ఇష్టం. బండిలో పోయే పెట్టె తాళం గార్డు ఇష్టం కాదు.

వచ్చే కూటానికి మూడు మాటలు పెడుతున్నాం. ఒకటి, కోశాధికారి గారి ఫోనును కంపెనీ సర్వీసు సెంటరులో ఇచ్చి అసలు సాఫ్ట్‌వేర్ మళ్ళీ వేయించాల. సెట్టింగులలో రీసెట్ నొక్కితే రూట్ పోతుందని నమ్మేదానికి లేదు. అది కుదరకపోతే సంఘం ఖాతాకు వేరే ఫోను చూసుకోవాల. రెండు, ఈ రెండు నెలల్లో ఆ ఫోనులో వాడిన పాస్‌వర్డులు, యూపీఐ పిన్నులు వేరే ఫోను నుంచి మార్చాల, ఖాతా లెక్క వరస వరసగా సరిచూడాల. మూడు, ఒక్కరి చేతిమీదనే చెల్లింపు జరగకుండా, ఇద్దరి సంతకంతో నడిచేటట్టు బ్యాంకులో రాసి ఇవ్వాల. కోశాధికారి గారిని ఎవరూ ఒక్క మాట అనకండి. కొన్నప్పుడు ఆయనకు తెలియదు, మనకూ తెలియదు.

ఆయన నిన్న ఫోను చేసి, లెక్క మొత్తం కాగితంమీద రాసి ఉంచినానని చెప్పినారు. ఆ నోటు పుస్తకం కూటానికి తెస్తారు. కాఫీ రాకముందే చూద్దాం.